ఎపోనా: అశ్వాలకు అన్నం పెట్టిన అమ్మ

నేటి ఫ్రాన్సు ప్రాంతాన్ని ప్రాచీన కాలంలో గాల్ అనేవారు. అక్కడి కెల్ట్ జాతులు కొలిచిన ఎపోనా గుర్రాలకూ గాడిదలకూ, వాటిని నమ్ముకుని బతికే మనుషులకూ అధిదేవత. క్రీ.శ. 1–3 శతాబ్దాల నాటి ఆమె శిలాఫలకాలను పరిశీలిస్తే, స్త్రీకీ అశ్వానికీ నడుమ ఆనాటి శిల్పులు దర్శించిన అనుబంధం స్వారీకి సంబంధించినది కాదనీ, తల్లీబిడ్డల బంధానికి చేరువైనదనీ అర్థమవుతుంది. బర్గండీ ప్రాంతపు ఫలకాలలో ఆమె నెమ్మదిగా నడిచే ఆడగుర్రంపై రెండు కాళ్లూ ఒకే పక్కకు వేసి కూర్చోగా, వెంట వచ్చే పిల్ల మెడ సాచి ఆమె చేతిలోని పళ్లెంలో మేత అందుకుంటుంది. ఆ పళ్లెం పేరు పతెరా, అంటే రోమన్లు దేవతలకు మధువు ధారపోసే వెడల్పాటి పాత్ర; నైవేద్యపు పాత్రలోనే మూగజీవికి మేత పెట్టించడంలో శిల్పి భక్తి ఎంత లోతైనదో తెలుస్తుంది. ఇందుకు భిన్నంగా, రోములో 2వ శతాబ్దంలో పోతపోసిన మార్కస్ అరేలియస్ కంచు విగ్రహంలో గుర్రం చక్రవర్తి అధికారానికి పీఠం మాత్రమే.

గాల్ రౌతులు రోమన్ సైన్యంలో చేరడంతో ఎపోనా ఆరాధన రైన్, డాన్యూబ్ తీరాల శిబిరాలకు పాకింది. ఉత్తర ఇటలీలో దొరికిన ఒక పంచాంగం డిసెంబరు 18ని ఆమె పర్వదినంగా పేర్కొంది. గుర్రపుసాలలో ఆమె ప్రతిమను నిలిపి పూలతో అలంకరించేవారు. రోమన్ రచయిత అపులేయస్ నవలలో గాడిదగా మారిన కథానాయకుడు, తిరిగి మనిషి రూపం ఇచ్చే గులాబీలను అందుకోబోయి దెబ్బలు తిన్నది అటువంటి ప్రతిమ ముందే! మెట్స్ నగర సమీపంలోని శ్మశానవాటికలో బయటపడిన ఫలకంలో మాత్రం ఎపోనా గుర్రంపై ముందు సాగుతుండగా వెనుక ఒక మనిషి అనుసరిస్తాడు. మరణించినవారి ఆత్మకు ఆమె పరలోకం దాకా తోడు వెళుతుందన్న విశ్వాసానికి ఇది రూపమని పండితుల వివరణ. కొన్ని ప్రతిమలలో ఆమె పట్టుకున్న తాళంచెవిని గుర్రపుసాలదిగానూ, పరలోక ద్వారానిదిగానూ భావించడానికి అవకాశముంది.

సూర్యుని తేజస్సును భరించలేని సంజ్ఞాదేవి బడబా రూపం, అంటే ఆడగుర్రం రూపం దాల్చి, దేవవైద్యులైన అశ్వినీదేవతలకు తల్లి అయిన పురాణగాథ తెలిసినవారికి ఎపోనా పరాయిదిగా తోచదు. అయినా ఈ ఇద్దరినీ ఒకే దేవతగా భావించడం తొందరపాటే అవుతుంది: సంజ్ఞ తానే అశ్వమై తల్లి అయితే, శిల్పాలలోని ఎపోనా స్త్రీరూపంలోనే ఉండి అశ్వాలను బిడ్డలుగా సాకింది.