గౌరవ వేతనం

సేవకు వెల కట్టరాదంటారు. నిజమే. సెలవుల్లో వాడకు పోయి పిల్లలకు చదువు చెప్పివచ్చే విద్యార్థికి కూలి ఇవ్వమని నేననను. ఇష్టం లేనినాడు అతడు మానుకోగలడు. స్వచ్ఛందమంటే అదే గదా!

మరి అంగన్‌వాడీ కార్యకర్త సంగతేమిటి? 1975 అక్టోబరు 2న పథకం మొదలైన నాటినుంచి ఆమెది 'గౌరవ' సేవే, జీతం 'గౌరవ' వేతనమే. పసివాళ్ల తిండి, తూకం, ఆటపాటలు, గర్భిణుల ఇళ్లకు తిరగడం, ఆపైన రిజిస్టర్లు — ఇన్ని చేసినా ఉద్యోగి కాదట! (గ్రాట్యుటీకి వీరు అర్హులని 2022లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.) 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో వీరు సమ్మె కట్టారు. 2024 జనవరిలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. మానితే నేరమయ్యే పని స్వచ్ఛందమెట్లా అవుతుంది?

మా విద్యార్థుల సేవాశిబిరానికి నేనూ వెళతాను. సమ్మెలో ఉన్న ఆమె కుర్చీలో కూర్చోమంటే మాత్రం కూర్చోను.