అడగని ప్రశ్న

కొనేవాళ్ళు అడగనిది అమ్మేవాళ్ళు చెప్పాలా?

వేసవి వస్తే నేను చేసిన గొలుసులు, లోలాకులు కారులో వేసుకుని అమెరికాలో రాళ్ళ సంతలకీ, హస్తకళల సంతలకీ తిరుగుతాను. ప్రతిచోటా ఈ ప్రశ్న నా బల్ల మీదే ఉంటుంది. హౌలైట్ అనే తెల్లరాయికి సన్నటి బూడిదరంగు చారలుంటాయి. నీలం రంగు పట్టిస్తే అచ్చం టర్కాయిస్‌లా కనిపిస్తుంది.

"అడిగితే చెబుతాం. అడక్కపోతే అబద్ధమాడినట్టు కాదుగా!" అంటారు తోటి వ్యాపారులు కొందరు. వినడానికి సబబుగానే ఉంటుంది. కాని అడగాలంటే ముందు అనుమానం రావాలి. అనుమానం రావాలంటే రాళ్ళ సంగతి తెలియాలి. అది తెలిసింది నాకు, వాళ్ళకి కాదు. బంగారానికి గీటురాయి ఉంది. రాయి కొనేవాళ్ళకి అమ్మేవాళ్ళ మాటే గీటురాయి.

మరి సిట్రిన్ మాటేమిటి? బజార్లో దొరికేది చాలావరకు వేడిచేసిన అమెథిస్టే. రెండూ క్వార్ట్జే. వేడికి ఊదారంగు పసుపవుతుంది. రాయికి చేసిన మార్పు నిలవకపోయినా, దానివల్ల విలువ బాగా మారినా చెప్పాలంటాయి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు. అది ప్రభుత్వం గీసిన గీత. నా గీత ఇంకాస్త ఇవతల ఉంది: ఏది తెలిస్తే కొనే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుందో, అది చెప్పాలి.

'రంగు వేసిన హౌలైట్' అన్న చీటీ చదివి, రంగు నచ్చి కొనేవాళ్ళున్నారు. గొలుసు కింద పెట్టేసి వెళ్ళిపోయేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో వెళ్ళిపోయిన డబ్బు మొదటినుంచీ నాది కాదు.