అమ్మకు ఏ క్రియాపదం?

స్పానిష్ తరగతిలో మాతృదినోత్సవం అంటే కార్డు మీద పువ్వు, కింద ‘మి మమా కొసీనా’, అంటే మా అమ్మ వండుతుంది. మన ఇంగ్లీషు బళ్లలోనూ అదే వాక్యం. అసలీ పండగను మెక్సికోలో 1922లో ఎక్సెల్సియోర్ పత్రిక మొదలుపెట్టింది, యుకటాన్‌లో స్త్రీవాదులు గర్భనిరోధం కరపత్రాలు పంచడం చూసి కలవరపడి. 1971లో స్త్రీవాదులు అక్కడి తల్లి స్మారకం దగ్గరే నిరసనకు దిగారు.

పల్నాడుకు మిరప కూడా ఆ ఖండం నుంచి వచ్చిందే. మాచర్ల, గురజాల చేలల్లో కాయ కోసొచ్చి, మంటెత్తే చేతుల్తో చంటిబిడ్డను తాకడానికి జంకే తల్లికి, తను చదవలేని భాషలో పొగడ్త దేనికి? వండుతుంది, ప్రేమిస్తుంది చాలించి కోస్తుంది, అలిసిపోతుంది, అప్పు తీరుస్తుంది అని రాయించవచ్చు కదా. ‘నో కియెరో’, నాకొద్దు, మొదటి పాఠాల్లోనే వస్తుంది. దాన్ని అమ్మ నోట పెట్టి రాసిన కార్డును ఎందరు టీచర్లు గోడకు అంటిస్తారు?