వృథా ఎవరికి?

కార్ల కర్మాగారాలలో పుట్టిన పని పద్ధతులను మునిసిపాలిటీలలోనూ పంచాయతీలలోనూ ప్రవేశపెట్టవచ్చునా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మనలో రెండు వాదాలు వినిపిస్తాయి. అది పెట్టుబడిదారీ తంత్రమని కొందరు తోసిపుచ్చుతారు. సామర్థ్యానికి వర్గం లేదని మరికొందరు నెత్తికెత్తుకుంటారు. యీ రెండింటితోనూ నాకు పేచీ ఉంది.

మొదటి వాదం చూద్దాం. టొయోటా కంపెనీలో తైచి ఓనో రూపొందించిన పద్ధతిలో ఒక మూలసూత్రం ఉంది: వస్తువుకు విలువ చేర్చని ప్రతి పనీ వృథా, ఊరికే వేచి ఉండటం కూడా వృథాయే. ఆదాయ ధ్రువీకరణ పత్రాన్ని యీ కొలతతో కొలిచి చూడండి. కాగితం మీద నిజంగా పని జరిగే కాలం నిమిషాలు. అది బల్ల మీద పడి ఉండే కాలం రోజులు. ఆ రోజుల ఖర్చు భరించేది సర్కారు కాదు, కూలి మానుకొని తిరిగే మనిషి. దళారీ బతికేదీ ఆ ఆలస్యం మీదనే. 2001లో హైదరాబాదులో మొదలైన ఈసేవా, 2011లో వచ్చిన మీసేవా అనేక పనులను ఒకే కౌంటరుకు తెచ్చాయి. దీనిని తోసిపుచ్చేవారు ఆ పోయిన కూలిని లెక్కవేయని వారు.

ఇక రెండవ వాదం. దుకాణదారుకు గడప తొక్కినవాడే ఖాతాదారు. రానివాడితో పని లేదు. ప్రభుత్వానికి ఆ వెసులుబాటు లేదు. ఎన్ని దరఖాస్తులు ఎన్ని రోజులలో పరిష్కారమైనవని మాత్రమే లెక్కిస్తే, దరఖాస్తు రాయలేనివారూ, చిరునామా లేని వలస కూలీలూ, అరిగిన వేలిముద్రలను యంత్రం గుర్తించని ముసలివారూ లెక్కకే రారు. పైగా గడువు తప్పకుండా ఉండేందుకు గుమాస్తా చిక్కు దరఖాస్తును తిరస్కరిస్తే, పట్టికలో అదీ పరిష్కారమే! అదే గుమాస్తా అరగంట కూర్చుని ఒక వృద్ధురాలికి ఫారం నింపిపెడితే, పట్టిక దాన్ని వృథా అంటుంది. అదే అసలు సేవ అని నేనంటాను.

కాబట్టి ఏది వృథాయో నిర్ణయించే హక్కు ఎవరిది అన్నదే అసలు ప్రశ్న. 1911లో తన గ్రంథం ప్రకటించిన ఫ్రెడరిక్ టేలర్ దృష్టిలో ఆలోచన మేనేజరుది, ఆచరణ కార్మికుడిది. టొయోటా శ్రామిక స్వర్గమని నేననను గాని, అక్కడ లోపం కనిపిస్తే సామాన్య కార్మికుడు తాడు లాగి పని ఆపించవచ్చు. మన సంస్కర్తలు గడియారాన్ని తెచ్చారు, తాడును మరిచారు.

ఆ తాడు మనకు కొత్తదేమీ కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం సోషల్ ఆడిట్ హక్కును గ్రామసభకు ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి మస్టరు రోళ్లను కూలీల ఎదుటే పెట్టి నిజానిజాలు తేల్చారు. గడియారాన్ని మనం కాదనవలసిన పని లేదు. దానిని చూసే హక్కూ, తప్పు నడిచినప్పుడు ఆపే హక్కూ క్యూలో నిలుచున్నవారికి దక్కాలి. క్యూ దాకా రాలేనివారిని వెతుక్కుంటూ వెళ్లే బాధ్యత కార్యాలయానికి ఉండాలి. ఆ రెండూ లేని సామర్థ్యం పాత అన్యాయాన్ని త్వరగా జరిపించటమే.