పనిమీద పోవుచు ఆగిన ప్రభువు

ధ్యాన భాగము: మార్కు సువార్త 5వ అధ్యాయము, 21 నుండి 43 వచనములు



ఈ నెల ధ్యానమునకు తీసికొనిన భాగము మీరందరు ఎరిగినదే. సమాజమందిరపు అధికారియైన యాయీరు కుమార్తె చావుబ్రతుకుల మధ్యనుండెను. ఆమెకు 12 ఏండ్లు. తండ్రి వచ్చి ప్రభువు పాదములయొద్ద పడి బ్రతిమాలగా, ప్రభువు అతనితో బయలుదేరెను. త్రోవలో జనులు క్రిక్కిరిసియుండిరి. 12 ఏండ్లనుండి రక్తస్రావముతో బాధపడుచున్న ఒక స్త్రీ వెనుకనుండి వచ్చి ఆయన వస్త్రము ముట్టెను. ప్రభువు అక్కడనే ఆగి, ముట్టినది ఎవరని వెదకెను.

ఆలోచించుడి. ఇంటిలో బిడ్డ చనిపోవుచున్న తండ్రికి ఒక్కొక్క నిమిషము ఒక్కొక్క యేడుగా నుండును. అట్టి సమయమున ప్రభువు ఆగెను. త్రోవలో కలిగిన అడ్డును ఆయన అడ్డుగా ఎంచలేదు. అదియు తన పనియేయని ఎంచెను. ఈ సంగతిని మేము పల్లె సంఘములలో పలుమారులు బోధించియున్నాము. గడచిన సంవత్సరము ఒక నెల దినములు పట్టణ వీధులలో సైకిలు తొక్కుచుండగా దాని లోతు మాకు మరికొంత తెలిసెను. ఆ సంగతులే మీకు వ్రాయుచున్నాము.

మా భార్యకు శస్త్రచికిత్స జరిగి, నెల దినములు వైద్యులకు దగ్గరలో ఉండవలసివచ్చినందున, హైదరాబాదు అశోక్‌నగర్‌లో మా బావమరిది యింట దిగితిమి. పాలు, కూరగాయలు, మందులు, పండ్లు, అప్పుడప్పుడు బ్యాంకు పని, ఇవన్నియు మా వంతు. ప్రతిసారి ఆటోకు డబ్బు పెట్టు స్థోమత పల్లె పాస్టరుకు ఎక్కడిది? మెట్లక్రింద దుమ్ముపట్టియున్న సైకిలు ఒకటి బయటికి తీసి, వెనుక ట్యూబు మార్పించి, బ్రేకు రబ్బర్లు వేయించి, గొలుసుకు నూనె పెట్టించితిమి. ఆ దినము మొదలుకొని 30 దినములు, ఆదివారములతో కూడ, దానిమీదనే పనులు చక్కబెట్టితిమి. అశోక్‌నగర్ నుండి చిక్కడపల్లి కూరగాయల మార్కెటుకు, అచ్చటనుండి మందులకొరకు నారాయణగూడ చౌరస్తాకు, మరల ఇంటికి. దినమునకు 5, 6 కిలోమీటర్లు. నెల తిరుగునప్పటికి 150 కిలోమీటర్లు దాటెను. ఇది గొప్ప యాత్ర యేమియు కాదు. మన ఊళ్లలో పాలు పోయువారు ఇంతకన్న ఎక్కువే తొక్కుదురు. అయినను ఈ చిన్న ప్రయాణములలో మూడు సంగతులు నేర్చుకొంటిమి.

మొదటిది, ఆగగల వేగము.

చిక్కడపల్లి, నారాయణగూడల పెద్దవీధి మీదుగా 2020 ఫిబ్రవరి నుండి మెట్రో రైలు నడచుచున్నది. ఇందిరా పార్కు నుండి వి.ఎస్.టి. వరకు కట్టిన ఉక్కు వంతెన 2023 ఆగస్టులో ప్రారంభమాయెను. ఇవి మేలైనవే. వీటివలన రోగులకు, ఉద్యోగస్థులకు ఎంతో సమయము కలిసివచ్చును. అయితే పైన పోవువారికి క్రింద నున్నవారి ముఖములు కనబడవు. సైకిలుమీద పోవువానికి కనబడును. మొదటి వారము మా చూపంతయు బస్సులమీదను, గుంతలమీదను ఉండెను. మేము పోయిన వీధులలో సైకిలుకు వేరుదారి యేదియు లేదు. రెండవ వారమునకు ఆకుకూరలమ్మ అవ్వను, ఇస్త్రీ బండివానిని, కాంపౌండు గోడ ప్రక్కన పంక్చర్లు వేయు ముసలివానిని ఎరిగితిమి. పలుకరించుటకు బండి నిలుపుచోటు వెదకనక్కరలేదు, ఒక కాలు నేలమీద మోపిన చాలును.

మన తెలుగు సంఘముల పెద్దలు ఈ వేగమును ఎరిగినవారు. 1912 డిసెంబరులో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు ఎద్దుబండిమీదను, సైకిలుమీదను పల్లెపల్లె తిరిగినవారు. బిషప్పుగారి రాక దుమ్ము రేపుకొనుచు దాటిపోవు రాక కాదు. గుడిసె ముంగిట ఆగు రాక.

మరియొక సంగతి చెప్పవలెను. ఒకనాడు మందుల చీటీ పట్టుకొని ఒక ఆసుపత్రికి పోయితిమి. కార్లకు చోటుండెను, మోటారు సైకిళ్లకు చోటుండెను. కావలివాడు మా సైకిలు చూచి, “ఇక్కడ సైకిళ్లు పెట్టరాదు, బయట పెట్టుకో” అనెను. అతనిమీద మాకు కోపము లేదు. అతడును జీతగాడే, పని ముగిసిన తరువాత తన సైకిలుమీదనే ఇంటికి పోవువాడేమో. అయితే యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి చోటు, మురికి బట్టలవానికి నిలువుచోటు ఇచ్చు సంఘమును గద్దించిన మాట ఆ దినమంతయు మా మనస్సులో మెదలుచుండెను. మన మందిరపు గుమ్మము ముందర ఎవరి బండికి చోటున్నది? ఈ కథలో యాయీరు పేరు వ్రాయబడెను. ఆ స్త్రీ పేరు వ్రాయబడలేదు. అయినను ప్రభువు పేరున్న అధికారితో పోవుచు, పేరులేని ఆమె కొరకు ఆగెను.

రెండవది, ప్రతిదినము చూడవలసిన గాలి.

1817లో జర్మనీ దేశపు మన్‌హైము నగరమున కార్ల్ ఫాన్ డ్రైస్ అనువాడు రెండు చక్రముల బండి చేసి నడిపెను. దానికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుకొనుచు పోవలెను. 1885లో ఇంగ్లాండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ వెనుక చక్రమును గొలుసుతో త్రిప్పు సైకిలును చేసెను. మనము నేడు తొక్కునది దాని పోలికయే. కాని అప్పటి చక్రములకు గట్టి రబ్బరు ఉండుటచేత రాళ్ల దారిలో ఎముకలు కదలుచుండెను. అప్పుడు బెల్ఫాస్టులో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రముల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టము తొడిగి, 1888లో దానికి పేటెంటు పొందెను. లోకమంతటి బండ్లను నేడు మోయుచున్న ఆ గాలి, ఒక తండ్రి తన బిడ్డ బండి కుదుపు తగ్గింపవలెనని చేసిన చిన్న పనిలో మొదలాయెను.

ఈ గాలికి ఒక గుణము కలదు. ముల్లు గ్రుచ్చుకొనకపోయినను, రంధ్రము లేకపోయినను, అది మెల్లమెల్లగా తగ్గిపోవును. పది దినములు చూడనియెడల తొక్కుట బరువగును. ఎందుకు బరువాయెనో తోచదు. అందుచేత ప్రతి ఉదయమున బొటనవ్రేలితో టైరు నొక్కి చూచి బయలుదేరుట అలవాటు చేసికొంటిమి. మన ప్రార్థన జీవితమును ఇట్టిదే. ఘోరపాపమను మేకు దిగినప్పుడు మాత్రమే ఆత్మీయ బలము పోవునని కొందరు తలంచుదురు. కాదు సుమా! ఏ పాపము చేయకయే, ఊరకనే ఉండుటచేతను అది తగ్గును. రెండు వారములు మోకాళ్లూననివానికి కూలి పని బరువు, పొరుగువాని మాట బరువు, బిడ్డల అల్లరి బరువు. పండుగలనాడు ఒక్కసారి నింపుకొనిన గాలి సంవత్సరమంతయు రాదు.

మూడవది, ఒరిగిన ప్రక్కకే త్రిప్పుట.

సైకిలు నేర్చుకొను పిల్లవానిని చూడుడి. బండి ఎడమకు ఒరిగిన వెంటనే భయపడి కుడికి త్రిప్పును, పడును. ఒరిగిన ప్రక్కకే హ్యాండిలు కొంచెము త్రిప్పినయెడల చక్రములు బరువు క్రిందికి వచ్చి బండి మరల నిలుచును. ఇది వినుటకు వింతగా నున్నను, తొక్కుట వచ్చిన ప్రతివాడు తెలియకయే చేయుచున్న పని. మనుష్యులమధ్య మాత్రము మనము దీనికి విరోధముగా చేయుదుము. ఎవడైనను పడుచున్నాడని తెలిసినయెడల మన ముఖము ఆవలికి త్రిప్పుకొందుము.

చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయము కలదు. అశోక్‌నగర్ సందులనిండ ఉద్యోగ పరీక్షలకు చదివించు కేంద్రములు, ఇరుకు గదుల హాస్టళ్లు. మన పల్లెలనుండి పోయిన యువతీయువకులు తెల్లవారినది మొదలు రాత్రివరకు అచ్చట చదువుచుందురు. మూడవ వారములో ఒకనాడు ఆ గ్రంథాలయము దగ్గర మా పాస్టరేటుకు చెందిన ఒక యువకుని గుర్తుపట్టితిమి. అతడు మమ్మును చూచి తల ప్రక్కకు త్రిప్పుకొనెను. మేము కాలు క్రింద మోపితిమి. కొంతసేపటికి, “అయ్యగారూ, నాలుగేండ్లాయె. ఏం మొఖం పెట్టుకొని ఇంటికి పోవాలె?” అని కన్నీళ్లు పెట్టుకొనెను. రెండు నెలలనుండి తల్లి ఫోను చేసినను ఎత్తుట లేదట. రాత్రులు నిద్ర లేదట. బ్రతికి ఏమి లాభమను తలంపు కూడ వచ్చెనట.

తలిదండ్రులారా, మీరు ఒక సంగతి తెలిసికొనవలెను. 2022 అక్టోబరులో జరిగిన గ్రూపు-1 ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రములు బయటికి పోయినందున 2023 మార్చిలో రద్దాయెను. 2023 జూన్‌లో మరల జరిపినదానిని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసెను. మూడవసారి అదే పరీక్ష 2024 జూన్‌లో జరిగెను. ఒకే మెట్టు ముమ్మారు ఎక్కవలసివచ్చిన బిడ్డను సోమరియనుట న్యాయమా?

మరునాటినుండి మా బావమరిది యింటివారు కట్టియిచ్చిన టిఫిను డబ్బా హ్యాండిలుకు తగిలించుకొని, కూరగాయలకు పోవుచు అతనియొద్ద ఆగుచుంటిమి. పది నిమిషములు. పరీక్ష సంగతి మేము అడుగలేదు. అతని నోటనుండి వచ్చిన ఆ చీకటి తలంపును మాత్రము తేలికగా విడువక, అతని స్నేహితునితో కలిసి వైద్యునియొద్దకు తీసికొనిపోయితిమి. నాలుగవ వారములో అతడే తల్లికి ఫోను చేసెను. ఆమె ఫలితము అడుగునని అతని భయము. ఆమె అడిగినది ఒక్కటే: “తిన్నవా, బిడ్డా?”

ప్రియులారా, యాయీరు ఇంటి కథ ఎట్లు ముగియునో జ్ఞాపకమున్నదా? మరణమునుండి లేచిన ఆ చిన్నదానికి ఏమైనను తినుటకు పెట్టుడని ప్రభువు ఆజ్ఞాపించెను. అంత గొప్ప అద్భుతము చేసిన ఆయన చివరకు జ్ఞాపకము చేసినది బిడ్డ ఆకలి. మరణమును జయించు పని ఆయనది. అన్నము పెట్టు పని ఆ ఇంటివారికి అప్పగించెను. నేడు మనకును అదే అప్పగించుచున్నాడు.

కాబట్టి మా మనవులు ఇవి. పట్టణములో చదువు బిడ్డకు ఈ రాత్రియే ఫోను చేయుడి. ఫలితము అడుగకుడి, భోజనము అడుగుడి. సంఘపెద్దలారా, మీ ఊరినుండి అశోక్‌నగర్ ప్రాంతములకు పోయినవారి పేర్లు వ్రాసికొని, పట్టణమునకు ఏ పనిమీద పోయినను ఒకరినైనను చూచి రండి. యువకులారా, మీ సైకిలును చిన్నచూపు చూడకుడి. 2021లో కరోనా రెండవసారి విజృంభించినప్పుడు హైదరాబాదులో సైకిలు తొక్కువారు కొందరు ఇల్లు కదలలేని వృద్ధులకు మందులు, సరుకులు మోసికొనిపోయిరి. మీ వీధిలోను మందుబిళ్ల తెచ్చువారు లేని అవ్వ ఉన్నది. మందిరమునకు పోవుదారిలోనే ఆమె గుమ్మము కలదు.

గొప్ప పని దొరకలేదని కూర్చుండకుడి. పాలకు పోవుదారి, కూరలకు పోవుదారి, రేషను దుకాణపు దారి, వీటిలోనే ప్రభువు మీకు మనుష్యులను చూపించును. ఆగగల వేగముతో పొండి.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, మా దినదిన పనులను నీ పనులుగా ఎంచు మనస్సు దయచేయుము. తగ్గిపోయిన మా బలమును ప్రతి ఉదయమున నింపుము. ముఖము దాచుకొనిన బిడ్డలను వారి తల్లులయొద్దకు చేర్చుము. త్రోవలో ఎవరైనను మమ్మును ముట్టినయెడల ఆగుటకు కృప ననుగ్రహించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.