రెండో కిరీటం

సైప్రస్ రాజులు పట్టాభిషేకం రెండుసార్లు చేసుకునేవారు. మొదటిది నికోసియాలో, సెయింట్ సోఫియా కేథడ్రల్‌లో, సైప్రస్ రాజ్యానికి. రెండోది ఫమగుస్తాలో, సముద్రపు ఒడ్డున ఉన్న సెయింట్ నికొలస్ కేథడ్రల్‌లో, జెరూసలేం రాజ్యానికి. అప్పటికి ఆ రెండో రాజ్యం లేదు. 1291లో ఏకర్ కోట ఈజిప్టు మమ్లూకుల వశమయ్యాక ఎదుటి తీరంలో ఆ రాజ్యానికి చెప్పుకోదగ్గ నేల మిగల్లేదు. అయినా నికోసియాలో ఒక కిరీటం పెట్టుకున్న రాజు మందీమార్బలంతో మెసోరియా మైదానం దాటి ఫమగుస్తా వెళ్ళి రెండోది పెట్టించుకునేవాడు. పోయిన తీరానికి ఎదురుగా ఉన్న రేవు అది.

ఈ రెండో కిరీటం చాలాకాలంగా నా మనసులో మెదులుతోంది. ఆ రాజు చేస్తున్నది పోయిన భూమిని మరవకుండా ఉండటమా, కాళ్ళ కింద ఉన్న భూమిని లెక్కచేయకపోవడమా? రెండూ ఒకటే అయితే ఏం చేయాలి?

మూలాలు మరవకూడదన్న మాటను మనం ఎదురు ప్రశ్న లేకుండా మోసుకు తిరుగుతున్నాం. పెళ్ళి శుభలేఖల్లో, దేశం దాటిపోయిన పిల్లలకు రాసే ఉత్తరాల్లో, సభావేదికల మీద అదే మాట. నాకు అది నమ్మదగిన మాటగా తోచడం లేదు. పోయినదాన్ని తలచుకునే మనిషి గాల్లో నిలబడి తలచుకోడు. ఏదో ఒకచోట నిలబడే తలచుకుంటాడు. ఆ చోటు సంగతేమిటి? అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ళ సంగతేమిటి? లుసిన్యాన్ వంశం ఆ ద్వీపాన్ని ఏలిన దాదాపు 300 ఏళ్ళ చరిత్ర చదువుతున్నంతసేపూ ఈ రెండు ప్రశ్నలే ఎదురయ్యాయి.

వాళ్ళు ఓడిపోయి వచ్చినవాళ్ళు. ఫ్రాన్స్‌లోని పొయితూ ప్రాంతపు ప్రభువుల కుటుంబం. అందులో పుట్టిన గీ ద లుసిన్యాన్ పెళ్ళి సంబంధం వల్ల జెరూసలేంకు రాజయ్యాడు. 1187 జూలైలో హత్తీన్ దగ్గర సలాదీన్ చేతిలో సైన్యాన్ని పోగొట్టుకుని బందీగా చిక్కాడు. కొద్దినెలల్లో జెరూసలేం నగరమూ పోయింది. ఇంగ్లండ్ రాజు రిచర్డ్ 1191లో క్రూసేడ్‌కు పోతూ పోతూ దారిలో సైప్రస్‌ను పట్టుకుని, టెంప్లర్ యోధులకు లక్ష బెజంట్లకు బేరం పెట్టాడు. నికోసియా జనం తిరగబడేసరికి టెంప్లర్లు ఏడాది తిరక్కుండానే మాకొద్దన్నారు. 1192లో ద్వీపం గీ చేతికి వచ్చింది. రాజ్యం పోయిన రాజుకు మరొకరి ఊళ్ళన్నీ కలిపి ఇచ్చిన పరిహారం అది. రెండేళ్ళకే ఆయన చనిపోయాడు. అన్న ఎమరీ 1197లో జర్మన్ చక్రవర్తి నుంచి సైప్రస్‌కు కిరీటం సంపాదించాడు.

ఆ ఊళ్ళలో ఉన్నది గ్రీకు మాట్లాడే రైతులు. వాళ్ళలో పరోయికులనే కట్టుబానిసలు పంటలో మూడోవంతు దొరకు కొలవాలి, వారానికి రెండు రోజులు దొర పొలంలో ఊరికే పనిచేయాలి. ఈ కట్టుబాటును ఫ్రెంచి దొరలు కొత్తగా తేలేదు, బైజాంటియం పాలనలోనూ రైతుది కట్టుబడిన బతుకే. కానీ కొత్త దొరలు దాన్ని సడలించలేదు. పైగా రైతుల చర్చిని తమ చర్చికి లోబరిచారు. గ్రీకు బిషప్పుల పీఠాలను నాలుగుకు కుదించారు. రోమన్ పద్ధతిలో అర్పించే రొట్టెను తప్పుబట్టినందుకు కాంతారా మఠం సన్యాసులు 13 మందిని 1231లో కాల్చి చంపారు.

ఇక్కడిదాకా తీర్పు తేలికే. 1291 దగ్గరికి వచ్చేసరికి నా కోపం తడబడుతుంది. ఆ ఏడాది ఏకర్ నుంచి, టైర్ నుంచి ఓడలకొద్దీ జనం ఫమగుస్తా రేవులో దిగారు. అందులో ప్రభువులతోపాటు వడ్రంగులు, కుండలు చేసేవాళ్ళు, సిరియా క్రైస్తవులు, విధవరాండ్రు ఉన్నారు. ఏకర్‌లో తమ ఇల్లు ఏ వీధిలో ఉండేదో చెప్పగలిగిన మనుషులు. కొన్ని దశాబ్దాలకు ఆ కొత్త కేథడ్రల్‌లో ఒకడు జెరూసలేం రాజుగా ప్రమాణం చేస్తుంటే గుంపులో నిలబడి చూసిన ఒక ముసలమ్మకు అది పనికిరాని తంతుగా తోచిందని నేను అనుకోను. తన ఊరి పేరు ఇంకా ఎవరో ఒకరు పైకి పలుకుతున్నారని ఆమెకు ఊరట కలిగి ఉంటుంది.

ఆ ఊరటే ఎటు దారితీసిందో చూడండి. మొదటి పియేర్ 1360లో ఫమగుస్తాలో ఆ కిరీటం పెట్టుకున్నాడు. తర్వాత యూరప్ రాజుల కొలువులన్నీ తిరిగి సైన్యాన్ని పోగుచేసి 1365 అక్టోబరులో అలెగ్జాండ్రియా మీద పడ్డాడు. నగరాన్ని దోచి, తగలబెట్టి, చేతికందినవాళ్ళను చంపి, చెరపట్టి, సుల్తాను సైన్యం వచ్చేలోపు ఓడలెక్కి వెళ్ళిపోయారు. ఫమగుస్తా వ్యాపారానికి పోటీగా ఉన్న రేవును దెబ్బతీయడమే ఆయన అసలు ఉద్దేశమని వాదించే చరిత్రకారులున్నారు. అది నిజమైతే జెరూసలేం పేరు మరింత మైలపడింది. ముసలమ్మ కన్నీళ్ళు ఒకడి సరుకు లెక్కల్లోకి చేరాయి.

ఏడేళ్ళకు, 1372 అక్టోబరులో, ఆయన కొడుకు రెండో పియేర్‌కు అదే చోట అదే పట్టాభిషేకం. రాజు గుర్రానికి కుడివైపు కళ్ళెం ఎవరు పట్టాలని జెనోవా వాళ్ళకూ వెనిస్ వాళ్ళకూ తగాదా వచ్చింది. విందులో అది కొట్లాటగా మారింది, జెనోవా వర్తకులను చంపారు, వాళ్ళ ఆస్తులు దోచారు. మరుసటి ఏడాది జెనోవా నౌకలు వచ్చాయి. 1374 నాటికి ఫమగుస్తా జెనోవా వశమైంది. 1464 దాకా తిరిగి రాలేదు. లేని రాజ్యానికి కిరీటం పెట్టుకునే వేడుకలో ఉన్న రాజ్యంలోని గొప్ప నగరం పోయింది. యుద్ధ పరిహారం కూడా కట్టాల్సి వచ్చింది, కట్టింది ద్వీపంలోని జనం. ఆ తర్వాతి రాజులు జెరూసలేం కిరీటాన్ని కూడా నికోసియాలోనే పెట్టుకున్నారు. 1393లో ఆర్మేనియా చివరి రాజు, ఈ వంశపువాడే, పారిస్‌లో చనిపోయాక ఆ పోయిన రాజ్యపు పేరు కూడా వీళ్ళ బిరుదులో చేరింది. నేల తగ్గినకొద్దీ బిరుదు పొడుగైంది.

ఇంతవరకూ పుస్తకాల నుంచి వచ్చిన ఆలోచన. నా కోపానికి అడ్డుపడింది ఒక మనిషి.

మా పిన్ని కూతురు కోనసీమ నుంచి వెళ్ళి లిమసోల్‌లో ఒక ముసలావిడకు తోడుగా పనిచేస్తోంది. ఆవిడను అందరిలాగే మా చెల్లి కూడా యాయా అంటుంది, అంటే నాయనమ్మ. యాయాది మెసోరియా మైదానంలోని లెఫ్కోనికో. 1974లో టర్కీ సైన్యం వచ్చినప్పుడు ఇద్దరు పిల్లలతో కట్టుబట్టలతో దక్షిణానికి వచ్చేసింది. నేను వెళ్ళినప్పుడు స్థానిక ఎన్నికలు జరుగుతున్నాయి. ఉత్తరాన చిక్కుకుపోయిన తొమ్మిది పట్టణాలకు ఇప్పటికీ మేయర్లు ఉన్నారు. అక్కడి నుంచి వచ్చేసినవాళ్ళు, వాళ్ళ సంతానం దక్షిణాన ఉండే ఓటు వేసి ఎన్నుకుంటారు. ఫమగుస్తా వాటిలో ఒకటి, లెఫ్కోనికో ఒకటి. యాయా ఇస్త్రీ చేసిన నల్లగౌను వేసుకుంది. చెల్లి చక్రాల కుర్చీ తోస్తుంటే నేను పక్కన నడిచాను. యాయా లోపలికి వెళ్ళాక చెల్లి నన్ను అడిగింది. "అన్నయ్యా, ఆ మేయరుకి ఊరే లేదు కదా. ఏం చేస్తాడంటావ్?"

నేను జవాబు చెప్పలేదు. నాకు ఫమగుస్తా గుర్తొచ్చింది. రెండు రోజుల ముందే సరిహద్దు దాటి ఆ కేథడ్రల్ చూసి వచ్చాను. 1571లో ఒట్టోమన్లు నగరాన్ని గెలిచినప్పటి నుంచీ అది మసీదు. లోపల గోడలన్నీ తెల్ల సున్నం, నేలంతా తివాచీ, ఎత్తైన గోతిక్ కిటికీల్లోంచి ఎండ. బయట ఒక పెద్ద చెట్టు, మన మేడి జాతిదే, కాయలు మానుకే గుత్తులుగా ఉన్నాయి. కేథడ్రల్ కట్టేనాటి నుంచీ ఉందని అక్కడివాళ్ళు చెబుతారు. ఆ నీడలో నిలబడి ఆ రాజుల మీద కోపం తెచ్చుకోవడం నాకు సులువైంది. మరి ఇప్పుడు ఓటు వేసి బయటికి వస్తున్న ఈ ముసలావిడ చేసింది ఏమిటి? లేని ఊరికి మేయరు, లేని రాజ్యానికి రాజు. నాకు తేడా చెప్పడం చేతకాలేదు.

ఆమె తానే పుట్టి పెరిగి పోగొట్టుకున్నదాన్ని తలచుకుంటోంది, మొదటి పియేర్ ఏకర్ పోయిన 37 ఏళ్ళకు పుట్టాడు కదా అని కాసేపు సర్దిచెప్పుకున్నాను. ఆ సర్దుబాటు నిలవలేదు. యాయా వెనకే ఆమె మనవడూ ఓటు వేసి వచ్చాడు. అతను లిమసోల్‌లో పుట్టినవాడు. అతని ఓటు తప్పని అనడానికి నాకు నోరు రాలేదు. ఏ తరం దగ్గర గీత గీయాలో ఎవరు చెబుతారు?

ఆ సాయంత్రం వాళ్ళింట్లో కూర్చున్నాం. ఆ ఇల్లు లిమసోల్ పాత టర్కిష్ పేటలో ఉంది. అదే అలజడిలో ఉత్తరానికి వెళ్ళిపోయిన టర్కిష్ కుటుంబాల ఇళ్ళను ప్రభుత్వం కాందిశీకులకు ఉండటానికి ఇచ్చింది. పెరట్లో ఒక నిమ్మచెట్టు. యాయా రోజూ దానికి నీళ్ళు పోయిస్తుంది, ఎండుకొమ్మలు తీయిస్తుంది. దాన్ని కొట్టేసి అక్కడ కారు పెట్టుకుందామని మనవడు చాలాసార్లు అడిగాడట. యాయా ఒప్పుకోలేదు. చెల్లి వంటింటి గ్రీకులో అడిగి నాకు తెలుగులో చెప్పింది. "ఆ చెట్టు ఇంటివాళ్ళదంట అన్నయ్యా. వాళ్ళొచ్చి అడిగితే చూపించొద్దా అంటోంది." ఇంటివాళ్ళు అంటే ఆ టర్కిష్ కుటుంబం. 50 ఏళ్ళుగా తానుంటున్న ఇంటికి ఇంటివాళ్ళు వేరే ఉన్నారని ఆమె లెక్క. నేను లెఫ్కోనికో మీదుగా వచ్చానని తెలిసి ఒక్కటే అడిగింది, బార్లీ కోతలు అయ్యాయా అని.

రెండో కిరీటం గురించి నాకు ఆ పెరట్లో తెలిసివచ్చింది. పోయినదాన్ని ఎన్ని తరాలు తలచుకున్నా నాకు అభ్యంతరం లేదు. తన ఇల్లు పోవడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి తాను నిలబడ్డ చోట ఎవరి ఇల్లు పోయిందో చూస్తుందా లేదా అన్నదే నా ప్రశ్న. యాయా చూసింది. లుసిన్యాన్ రాజులకు చూడటానికి దాదాపు 300 ఏళ్ళ వ్యవధి దొరికింది.

ఇక్కడ ఒకటి చెప్పకపోతే అన్యాయం. వాళ్ళను పరాయివాళ్ళనడం పూర్తిగా నిజం కాదు. రెండో పియేర్ నాటికి ఆ వంశం ద్వీపంలో రెండు శతాబ్దాలకు దగ్గర పడింది. లెయోంతియోస్ మఖైరాస్ స్థానిక గ్రీకులో రాసిన చరిత్రలో ఆ రాజుల మీద భక్తి ఉంది, తిరగబడ్డ రైతుల మీద కోపం ఉంది. ఆయన స్వయంగా గ్రీకువాడు, ఆ రాజుల కొలువులో పనిచేసినవాడు. అందుకే ఎన్నేళ్ళుంటే మనవాళ్ళవుతారన్న లెక్కను నేను వదిలేశాను. నిమ్మచెట్టు ఎవరిదో గుర్తుందా లేదా అన్నదే నాకిప్పుడు కొలత.

వంశం చివర కూడా కిరీటం చేతులు మారుతూనే ఉంది. రెండో జాక్ 1473లో చనిపోయాడు, ఏడాది బిడ్డ మూడో జాక్ 1474లో పోయాడు, వెనిస్ ఆడపడుచైన రాణి కాతెరీనా కొర్నారోను 1489లో వెనిస్ గద్దె దింపింది. అంతకుముందే, సవతి అన్న రెండో జాక్ చేతిలో ఓడి రోమ్‌లో తలదాచుకున్న షార్లట్ రాణి తన హక్కును 1485లో సవోయ్ ప్రభువుకు రాసిచ్చింది. ఆ వంశంవాళ్ళే తర్వాత ఇటలీకి రాజులయ్యారు. 1946లో ఇటలీ రాజరికం పోయేదాకా వాళ్ళ పూర్తి బిరుదులో సైప్రస్, జెరూసలేం, ఆర్మేనియా పేర్లు ఉండేవి.

లెఫ్కోనికోకు ఒక్కసారే ఒక రాజు ఉన్నాడు. 1426 జూలైలో ఖిరోకిత్యా దగ్గర మమ్లూకులు లుసిన్యాన్ రాజు జానస్‌ను పట్టుకుని కైరోకు తీసుకుపోయినప్పుడు, రైతులు తిరగబడి ఆ ఊళ్ళో అలెక్సిస్ అనే తమవాడిని రాజుగా ఎంచుకున్నారు. వాళ్ళూ దోపిడీలు చేశారు, అది దాచను. కానీ ఆ ద్వీపంలో ఉన్న నేలకు, ఆ నేలమీది మనుషులు పెట్టుకున్న రాజు ఆ శతాబ్దాలలో అతనొక్కడే. 1427లో అతన్ని నికోసియాలో ఉరితీశారు. జానస్ కైరో చెర నుంచి విడుదలై ఇల్లు చేరిందీ ఆ ఏడాదే.