అన్నదానానికి పై మెట్టు

అన్నదానాన్ని మించిన దానం లేదన్న మాట తెలుగునాట వినపడని ఊరు లేదు. గోదావరి లంకల్లో వేళాపాళా చూడకుండా వచ్చినవారందరికీ వండి పెట్టిన డొక్కా సీతమ్మ 1909లో కన్నుమూసినా, నేటికీ ఆంధ్రప్రదేశ్ బడిపిల్లల మధ్యాహ్న భోజనం ఆమె పేరుతోనే సాగుతోంది. ఆ గౌరవం ముమ్మాటికీ తగినదే. అయినా ఒక ధర్మసందేహం తీరకుండా ఉంది. ఆకలిగొన్న మనిషికి విస్తరి వేయడం పుణ్యమైతే, ఆ మనిషి తన చెలకలో తన తిండి పండించుకుని పక్కింటికి కూడా కొలిచి ఇవ్వగలిగేలా తోడ్పడటాన్ని ఏమనాలి? దయ అనాలా, బాకీ తీర్చడం అనాలా? బాకీ తీర్చడమే అన్నది నా వాదన.

మతగ్రంథాలను శ్రద్ధగా చదివితే ఈ వాదనకు బలం అక్కడే దొరుకుతుంది. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నాన్ని నిందించవద్దని, తోసిపుచ్చవద్దని చెప్పి, దాన్ని సమృద్ధిగా పెంచడాన్నీ వ్రతమంటుంది. ఇంటికొచ్చినవారిని కాదనవద్దన్న మాట ఆ తర్వాతే వస్తుంది. అంటే వడ్డన కంటే ముందు పంట. బైబిలులో రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకుని పూట గడుపుకుంది. పేదల కోసం చేను అంచులు కోయకుండా వదలాలన్న ఆజ్ఞ లేవీయకాండంలో ఉంది. అయితే ఆ కాండమే అక్కడితో ఆగదు. యాభయ్యో ఏట సునాద సంవత్సరంలో, చేజారిన భూమి తిరిగి దాని కుటుంబానికే చెందాలంటుంది. పరిగె పూట గడుపుతుంది, భూమి మనిషిని నిలబెడుతుంది. పన్నెండో శతాబ్దపు యూదు తత్వవేత్త మైమొనిడీస్ దానానికి ఎనిమిది మెట్లు చెప్పి, ఇక చేయి చాచే అవసరం రాకుండా ఒకరిని నిలబెట్టడాన్ని అన్నిటికన్నా పై మెట్టున ఉంచాడు.

మన దగ్గర ఇది బాకీ ఎందుకైందో చరిత్ర చెబుతుంది. తరతరాలుగా దళితులు పండించిన ధాన్యం గాదెలకెక్కింది కానీ, అదే చేతులు ముట్టిన నీళ్లు ఇళ్లలోకి రాలేదు. 2011 జనాభా లెక్కల్లో షెడ్యూల్డు కులాల వాటా 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం వారి సాగులో ఉన్న విస్తీర్ణం మాత్రం 9 శాతం లోపే. ప్రభుత్వం అసైన్‌మెంటు పట్టాలిచ్చిన చోట కూడా చాలాసార్లు దక్కింది రాళ్లు తేలిన బీడే. పట్టా చేతికొచ్చింది కానీ ఎద్దులు, విత్తనాలు, పెట్టుబడి రాలేదు.

ఆ బీడు ఏం చేయగలదో జహీరాబాద్ ప్రాంతపు మహిళా సంఘాలు చూపించాయి. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడుతో, ఎక్కువమంది దళితులే అయిన ఈ చిన్నరైతులు 1990ల మధ్యలో బీళ్లను బాగుచేసి జొన్న వేశారు. సాగుకు తీసుకున్న అప్పును గింజల రూపంలో తీర్చారు. ఆ గింజలు ఊళ్లోనే నిల్వ ఉండి, పనులు దొరకని నెలల్లో నిరుపేదలకు తక్కువ ధరకు అందాయి. ఎవరు ఎంత పేదలో ఊరివాళ్లే తేల్చారు. ఇక్కడి ఒక్క చేనులోనే జొన్న, కంది, అనుములు, బొబ్బర్లు, పుంటికూర కలిసి పెరుగుతాయి. వాన మొహం చాటేసినా ఏదో ఒకటి చేతికొస్తుంది. పేడతో అలికిన బుట్టలో బూడిద, వేపాకు కలిపి దాచిన విత్తనం మరుసటి ఏటికి సిద్ధంగా ఉంటుంది. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. నా దృష్టిలో అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. ఒకప్పుడు గింజల కోసం దొర గడప దగ్గర నిలబడిన ఇంటి ఆడవాళ్లే ఊరికి గింజలు కొలిచి ఇచ్చారు.

చిన్న కమతాలతో దేశం కడుపు నిండదని, రేషన్ బియ్యం ఉండగా ఈ పాట్లెందుకని కొందరంటారు. రేషన్ ఉండాల్సిందే. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఎన్నో పొయ్యిలు వెలిగించింది. కానీ ఎక్కడో పండిన వరి ఒక్కటే పళ్లెంలోకి వస్తే, ఊరి మెట్టచేలకు విలువ పోతుంది, పప్పూ కూరా దూరమవుతాయి. పైగా ఆకలికి ధాన్యం కొరత ఒక్కటే కారణం కాదు. దాన్ని అందుకునే హక్కు, శక్తి లేకపోవడం అసలు కారణం కావచ్చని 1943 బెంగాల్ కరువును పరిశీలించి అమర్త్య సేన్ నిరూపించారు. ఇక కమతం సంగతి అంబేడ్కర్ 1918లోనే తేల్చారు. విస్తీర్ణాన్ని బట్టి సేద్యం గిట్టుబాటును నిర్ణయించలేమని, భూమికి తగిన పెట్టుబడి, పనిముట్లు ఉన్నాయా లేదా చూడాలని వాదించారు.

దళితులను మళ్లీ మట్టికి కట్టేయడమే కదా అన్న అభ్యంతరం ఇంతకంటే బరువైనది. పల్లెను ఆదర్శంగా కొలవవద్దని రాజ్యాంగ సభలో హెచ్చరించిందీ అంబేడ్కరే. ఆ హెచ్చరికను మరవకూడదు. అయితే కులం వారికి అంటగట్టింది పరాయి చేలో చాకిరీని, సొంత సేద్యాన్ని కాదు. చదువుకుని పట్నం వెళ్లేవారికి ఆ దారి తెరిచే ఉండాలి. ఊళ్లో ఉండాలనుకునేవారు గతిలేక కాకుండా గౌరవంగా ఉండగలగాలి. అన్నానికి కులమేమిటి, అందరికీ ఒకే సాయం చాలదా అనేవారికి నా జవాబు ఇది. ఆకలికి కులం లేకపోవచ్చు, భూమి పంపకానికి మాత్రం ఉంది.

కాబట్టి గుడి, చర్చి, దర్గా, ఏదైనా సరే, అన్నం పెట్టే ప్రతి సంస్థనూ కోరేది ఒక్కటే. వంటశాలకు కొనే పప్పులో, జొన్నలో, కూరల్లో కొంత భాగాన్ని దగ్గరి ఊళ్ల దళిత, గిరిజన చిన్నరైతుల దగ్గర న్యాయమైన ధరకు కొనండి. పంట వేయకముందే ఆ మాట ఇవ్వండి. ప్రభుత్వం బడి భోజనానికీ, అంగన్‌వాడీలకూ అదే పద్ధతి పాటించాలి. తినేవారి ఆకలితోపాటు పండించేవారి హక్కును కూడా లెక్కలోకి తీసుకున్ననాడే మన అన్నదానం సంపూర్ణమవుతుంది.